మన తండాల నీరు, కరెంటు: ఒక కొలత కథ



మా వసతి గృహంలో సాయంత్రం ట్యాంకు నిండగానే మోటారు ఆపే పని పిల్లలకే అప్పగించాం. వారానికొకరి వంతు. ఒకరోజు ట్యాంకు పొర్లి నీళ్ళు మెట్ల దాకా వచ్చాయి. ఆ వారం వంతు ఎనిమిదో తరగతి చదివే ఒక తండా పాపది. ఎందుకు ఆపలేదని అడిగితే జంకు లేకుండా చెప్పింది. "మా చేనికాడ మోటారు ఎవరూ ఆపరు మేడం. మా నాయన ఆటో పెట్టినాడు. కరెంటు వస్తే అదే తిరుగుతుంది, పోతే అదే నిలబడుతుంది. ఊరికే వచ్చే కరెంటే కదా, ఏమిటికి ఆపాల?"

ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. "పొదుపు చేయాలమ్మా" అని ఊరుకున్నాం. మరుసటి ఏడాది జనవరిలో ఆ పాప తల్లి టీసీ కోసం వచ్చింది. చేనిలో మూడు బోర్లు వేశారట. మూడోది కూడా ఎండిపోయింది. అప్పు తీర్చడానికి గుంటూరు వైపు మిరపకోతకు సుగ్గికి పోతున్నారు. చంటిబిడ్డను చూసుకోవడానికి ఈ పాప కావాలి. టీసీ ఇవ్వకుండా నచ్చజెప్పి పంపాం. ఒక నెల ఆపగలిగాం. తర్వాత పండుగకని ఇంటికి పోయిన పాప తిరిగి రాలేదు.

ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు కర్నూలు, కడప జిల్లాల మన పెద్దల చరిత్రలోనే ఉంది. దాన్ని వెతికి ఈ ప్రత్యేక సంచిక ద్వారా మీ ముందు పెడుతున్నాం.

ఎద్దు నడిచినంత

మన సుగాలీల పెద్దలు ఊరూరా తిరిగి సరుకు మోసినవారు. ఆ ప్రయాణాన్ని గోర్‌బోలీలో లదేణి అంటాం. తీరం నుంచి ఉప్పు లోపలి సీమకు, లోపలి సీమ నుంచి ధాన్యం బయటికి ఎద్దుల వీపు మీద చేరేవి. ఎరుకలలోనూ ఉప్పు, ధాన్యం మోసి అమ్మిన వర్గాలుండేవి. 17వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో మన కడప జిల్లా గండికోటకు కూడా వచ్చాడు. ఒక్కో బిడారులో 10,000, 12,000 ఎద్దులు కలిసి నడిచేవని, అవి ఎదురైతే దారి కోసం రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదని రాశాడు.

అన్ని ఎద్దులకు మేత కొనలేదు. దారి పొడవునా మేపుకుంటూ పోయారు. ఒకచోట గడ్డి అయిపోకముందే మరో చోటికి కదిలారు. ఎక్కడ నీరుంది, ఎక్కడ ఎన్నాళ్ళు ఆగవచ్చు అనే లెక్క నాయక్ తలలో ఉండేది. ఆ లెక్క తప్పితే ఎద్దు చచ్చేది, ఎద్దు చస్తే కుటుంబం నిలిచిపోయేది. నల్లమలలో చెంచులు తేనె తీసేటప్పుడు పట్టంతా కోయకుండా ఈగలకు కొంత వదిలిపెట్టడం కూడా ఇలాంటి లెక్కే. అందినదంతా తీసుకుంటే రేపటికి మిగలదని వాళ్ళకు బడి చెప్పలేదు, బతుకు చెప్పింది.

1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. మద్రాసు మార్గం మన రాజంపేట, కడప, ముద్దనూరు, ఆదోనిల మీదుగానే పోతుంది. పది వేల ఎద్దులు మోసే బరువును బొగ్గు మోయడం మొదలుపెట్టింది. లదేణి తగ్గిపోయింది. అదే 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ విస్తరించారు. 1952లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఎన్నో సంచార జాతులు పోలీసు హాజరు కింద బతికాయి. తిరిగే బతుకు పోయి, కాలు నిలిపిన చోటే తండా అయింది. అయితే అప్పటికే నీరున్న నేల వేరేవాళ్ళ చేతుల్లో ఉంది. మనకు దొరికింది ఎక్కువగా మెరక, గుట్ట పక్క, అడవి అంచు.

పల్లంలో చెరువు, మెరకలో తండా

సీమ పెద్దలకు నీటి విద్య తెలియదనుకోవద్దు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. అక్కడి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 లక్షణాలను, ఉండకూడని 6 దోషాలను చెబుతుంది. రోజూ 1,000 మంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని కూడా చెబుతుంది. ఆ తర్వాత 1863లో పని మొదలైన కర్నూలు - కడప కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్ళించి కడప దాకా తెచ్చింది. ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన ఆ కాలువను ప్రభుత్వం 1882లో కొనుక్కుంది.

చెరువుకు, కాలువకు ఒక గొప్ప గుణం ఉంది. నీరు పల్లానికి దానంతటదే పారుతుంది. ఒక్క యూనిట్ కరెంటు అక్కర్లేదు. కానీ మెరక మీది తండాకు ఆ నీరు ఎక్కదు. అందుకే మన కథ వానతో మొదలై బావిలోకి, బావి నుంచి బోరులోకి దిగింది.

కపిల నుంచి బోరు దాకా

మా అమ్మమ్మల కాలంలో బావి మీద కపిల ఉండేది. రెండు ఎద్దులు వాలు బాట దిగితే తోలుబొక్కెన పైకి వచ్చేది. పొద్దంతా తోలినా తడిసేది కొద్ది నేలే. ఎద్దు అలసిపోతే బావికి విశ్రాంతి. రాత్రికి ఊట మళ్ళీ ఊరేది. కపిల కష్టమైన పనే, దాన్ని మళ్ళీ తెచ్చుకుందామని మేము చెప్పడం లేదు. అయితే తోడే వేగానికి ఎద్దే ఒక హద్దు పెట్టేది.

డీజిల్ ఇంజన్ వచ్చి ఆ హద్దును జరిపింది. కరెంటు మోటారు ఇంకా జరిపింది. బోరు, దానిలో మునిగి తిరిగే సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చాక హద్దే లేకుండా పోయింది. బోరు ఎండితే పక్కన మరొకటి, ఇంకా లోతుగా. కర్నూలు, కడపల నేల కింద చాలా చోట్ల రాయే ఉంది. నీరు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటుంది. ఒకరి బోరు కింద ఉన్న పగులు పక్కవాడి బోరు దాకా సాగి ఉండవచ్చు. కాబట్టి లోతుకు పోయినవాడు కొత్త నీరు పుట్టించడు, చాలాసార్లు పక్కవాడి నీటినే లాగుతాడు.

2002లో రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే వాల్టా అంటారు. బోరు వేయాలంటే అనుమతి, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలని అది చెప్పింది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం చేశారు. కరెంటు బకాయిలతో నలిగిపోయిన చిన్న రైతుకు అది పెద్ద ఊరట. మన తండాల్లోనూ ఎన్నో ఇళ్ళు దానివల్ల నిలబడ్డాయి, ఆ సంగతి మరవకూడదు. దాంతోపాటే ప్రభుత్వం నాలుగు పనులు చేయమంది. మోటారుకు కెపాసిటర్, ఐఎస్ఐ గుర్తున్న పంపుసెట్టు, రాపిడి తక్కువైన ఫుట్‌వాల్వ్, నున్నని ప్లాస్టిక్ పైపులు. ఇవి పెడితే అదే నీటికి తక్కువ కరెంటు సరిపోతుంది. చాలా చేలల్లో వీటికన్నా ముందు వచ్చింది ఆటో స్టార్టరే. రాత్రి ఏ వేళ కరెంటు వచ్చినా మోటారు తిరగాలి కదా. రాత్రిపూట చేనికి పోయి పాముకాటుకు గురైనవారున్న సీమలో రైతు ఆటో పెట్టుకోవడంలో తప్పు లేదు. కానీ మోటారు ఆపే చెయ్యి లేకుండా పోయింది.

లోతు పెరిగితే ఏమవుతుంది?

ఇక్కడ మాలోని టీచరు బయటికొస్తుంది, కాస్త ఓపిక పట్టండి. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంతోనే ఈ లెక్క చేయవచ్చు. 1,000 లీటర్ల నీటిని 20 మీటర్ల లోతు నుంచి పైకి ఎత్తాలంటే, మోటారులో ఏ నష్టమూ లేదనుకున్నా, 0.05 యూనిట్లకు పైగా పడుతుంది. 100 మీటర్ల నుంచి ఎత్తాలంటే దాదాపు 0.27 యూనిట్లు. అదే నీరు, అదే చేను, కరెంటు అయిదు రెట్లు. నిజమైన మోటార్లలో నష్టాలు కలిపితే ఈ అంకెలు రెట్టింపు దాటుతాయి.

ఇప్పుడు పంట వైపు చూద్దాం. ఎకరంలో ఒక మిల్లీమీటరు నీరు నిలిపితే అది సుమారు 4,000 లీటర్లు. వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్లు కావాలి, అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. మన బుడ్డలకు, అంటే వేరుశనగకు, సుమారు 500 మిల్లీమీటర్లు. కొర్రకు 300 లోపే. రబీలో పూర్తిగా 100 మీటర్ల లోతు బోరు మీదే పండిస్తే, నష్టాలు లెక్కలోకి తీసుకోకుండానే, ఎకరం వరికి 1,300 యూనిట్లు, ఎకరం బుడ్డలకు 550 యూనిట్లు పోతాయి.

ఇంకొక్క లెక్క. సీమలో ఒక ఏడాది 600 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. మన రాతి నేలల్లో నూటికి పది వంతుల చుట్టూనే కిందికి ఇంకుతుంది. అంటే 60 మిల్లీమీటర్లు. 1,200ను 60తో భాగించండి. ఒక ఎకరం వరిని బోరు నీటితో పండించాలంటే 20 ఎకరాల మీద పడిన వాన ఇంకాలి. బుడ్డలకైతే 8 ఎకరాలు. కొర్రకు 5. మీ తండాలో ఎన్ని ఎకరాలున్నాయి, ఎన్ని బోర్లున్నాయి, ఎన్ని ఎకరాల్లో వరి ఉంది? ఒక కాగితం మీద రాసి చూడండి.

పాప ప్రశ్నకు జవాబు ఇదే. కరెంటు ఊరికే రావచ్చు, నీరు ఊరికే రాదు. నీటి మట్టం దిగిన ప్రతి మీటరుకు బిల్లు ఉంటుంది. ఆ బిల్లు కరెంటు ఆఫీసు పంపదు. కొత్త బోరు అప్పు రూపంలో, సుగ్గి రూపంలో, పిల్ల చదువు మానడం రూపంలో మన ఇంటికే వస్తుంది.

గోడ మీద రాసిన లెక్క

ఈ లెక్కను మన జిల్లాల రైతులే ఒకప్పుడు చేసి చూపించారు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతనే భూగర్భ జలాన్ని కొలిపించే ఒక ప్రాజెక్టు మొదలైంది. పొడి అక్షరాల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవారు. ఆ ఏడింటిలో కర్నూలు, కడప రెండూ ఉన్నాయి. మిగిలినవి అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. మొదట నెదర్లాండ్స్ సాయం, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటు అందాయి. స్వచ్ఛంద సంస్థలన్నింటినీ కలిపి నడిపించిన బర్డ్స్ సంస్థ మన నంద్యాలది.

ఆ ప్రాజెక్టు ఎవరికీ మోటారు ఇవ్వలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. ఫలానా పంట వేయవద్దని శాసించనూ లేదు. కొలవడం నేర్పింది. ఊళ్ళో వానమాని పెట్టారు. రోజూ ఒక రైతు దాన్ని చూసి రాసేవాడు లేదా రాసేది. ఎంచుకున్న బావుల్లో, బోర్లలో పదిహేను రోజులకోసారి నీటి మట్టం కొలిచేవారు. మోటారు ఎంత పోస్తుందో డ్రమ్ము, గడియారం పెట్టి చూసేవారు. ఆ అంకెల్ని ఊరి నడుమ బోర్డు మీద, గోడ మీద అందరికీ కనబడేలా రాసేవారు. కమిటీల్లో మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళు కూర్చున్నారు. బడి ముఖం సరిగా చూడనివాళ్ళు మిల్లీమీటరు, లీటరు, గంటల లెక్కలు పట్టారు.

వానలు వెనక్కి పోయి రబీ ముంగిట నిలిచినప్పుడు ఒకే వాగు కిందికి వచ్చే ఊళ్ళన్నీ కూర్చునేవి. ఈ ఏడు ఎంత వాన ఇంకింది, ఎవరెవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి. రెండూ పక్కపక్కన రాస్తే చాలాసార్లు లోటు కనబడేది. ఆ తర్వాత నిర్ణయం ఎవరి ఇంటికి వాళ్ళదే. అయినా కళ్ళ ముందు అంకె ఉండేసరికి చాలామంది వరి తగ్గించి, తక్కువ నీటి పంటల వైపు మళ్ళారు. ప్రపంచ బ్యాంకు సైతం దేశ భూగర్భ జలాల మీద వెలువరించిన నివేదికలో దీన్ని ప్రత్యేకంగా చెప్పింది. తోడిన నీరు తగ్గిన చోట తిరిగిన మోటారు గంటలు, ఖర్చయిన కరెంటు కూడా తగ్గినట్టే.

చట్టం చేయలేని పనిలో కొంతైనా ఒక గోడ మీది సుద్దముక్క చేసింది. చట్టం బయటి నుంచి వచ్చింది. సుద్దముక్క పట్టుకున్నది మాత్రం ఊరి మనిషి.

ప్రాజెక్టు పోయాక

కథ అక్కడే ఆగి ఉంటే మేము ఇంత రాయనక్కర్లేదు. 2010 ప్రాంతంలో ప్రాజెక్టు ముగిసింది. తర్వాత చాలా చోట్ల వానమాని తుప్పు పట్టింది, గోడ మీద అంకెలు వెలిసిపోయాయి. ధర బాగున్న పంట కనబడితే మళ్ళీ బోర్ల పోటీ వచ్చింది. 2003లోనే మొదలైన సూక్ష్మ సేద్యం పథకం డ్రిప్పులు తెచ్చింది. డ్రిప్పు మంచిదే. కానీ మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు పెంచితే భూమిలో ఏమీ మిగలదు. పరికరం ఒక్కటే పొదుపు చేయదు, కొలత లేని చోట డ్రిప్పు కూడా ఆటో స్టార్టరు లాంటిదే. 2016 నుంచి రాష్ట్రంలో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయంలో వానకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచుతున్నారు. తేమ నిలుస్తుంది, తడులు తగ్గుతాయి. దానికీ కొలత తోడైతేనే ఫలితం నిలుస్తుంది.

ఇంకొక మాట. మన సీమ కరెంటు వాడుకునే చోటు మాత్రమే కాదు, కరెంటు పుట్టే చోటు కూడా. 1981లో పూర్తయిన శ్రీశైలం ఆనకట్ట కింద నూరుకు పైగా ఊళ్ళు మునిగాయి. కుడి గట్టున 770 మెగావాట్ల విద్యుత్ కేంద్రం వెలసింది. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర 1994 నుంచి బొగ్గుతో కరెంటు తీస్తున్నారు. 2017లో కర్నూలు జిల్లా గని - శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పనిచేయడం మొదలైంది. ఇంత కరెంటు పుట్టిన నేల మీదే బోరు ఎండి, పిల్లలు చదువు మానడం చూస్తున్నాం. రేపు సోలార్ పలకలు తుడిచే పనికే మన పిల్లలు పరిమితం కాకూడదంటే యూనిట్, మెగావాట్, లీటరు అనే మాటలు మన నోళ్ళలో నలగాలి.

మీ వంతు

ప్రాజెక్టులు వచ్చి పోతాయి, ఆఫీసర్లు బదిలీ అవుతారు. మీరు మాత్రం మీ తండా వాళ్ళు. ఆ ముసలి రైతులకు లేనిది మీకుంది. లెక్కలు చదివారు, ఫోను ఉంది. నాలుగు పనులు చెబుతాం, ఏదీ డబ్బు పని కాదు.

ఒకటి, నిలువు అంచులున్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, వాన వెలిసిన ప్రతిసారీ స్కేలుతో కొలిచి తేదీ వేసి రాయండి.

రెండు, మోటారు లేని పాత బావి ఏదైనా ఉంటే తాడుకు రాయి కట్టి పదిహేను రోజులకోసారి నీరు ఎంత లోతులో ఉందో చూడండి. పెద్దవాళ్ళు తోడు లేకుండా బావి అంచుకు పోవద్దు.

మూడు, మీ నాయన బోరు 200 లీటర్ల డ్రమ్మును ఎన్ని సెకన్లలో నింపుతుందో చూడండి. 60 సెకన్లయితే గంటకు 12,000 లీటర్లు. వచ్చే ఏడు 100 సెకన్లయితే గంటకు 7,200 మాత్రమే. మోటారు తిరిగే గంటలు అంతే, చేనికి చేరే నీరు మాత్రం నూటికి అరవై వంతులే.

నాలుగు, ఆ అంకెల్ని తండా మధ్య గోడ మీద రాయండి. రబీకి ముందు నాయక్, కార్‌భారీ, పెద్దలు కూర్చునే రోజు మీరూ వెళ్ళి చదివి వినిపించండి. వాదించవద్దు, చదవండి చాలు. ఒకప్పుడు నాయక్ తలలో ఉన్న లెక్కే కదా, ఇప్పుడు మీ నోట వినబడుతుంది.

మా హాస్టల్లో ఇప్పుడు మోటారు గది తలుపు మీద ఒక కాగితం ఉంది. మోటారు వేసిన టైము, ఆపిన టైము, వంతు ఎవరిదో పిల్లలే రాస్తారు. నెల చివర గంటలు కూడుతారు. ఒక నెల కంటే మరో నెల పెరిగితే ఎందుకో వాళ్ళే వెతుకుతారు. ఒకసారి కారుతున్న కుళాయి, ఇంకోసారి పగిలిన పైపు దొరికాయి. ఆ కాగితం చూసినప్పుడల్లా మాకు తిరిగి రాని ఆ పాప గుర్తొస్తుంది. ఆ రోజు "పొదుపు చేయాలమ్మా" అనే బదులు ఆమె చేతికి ఒక పెన్సిలు ఇచ్చి ఉంటే, ఆ లెక్క వాళ్ళ చేని దాకా పోయేదేమో.

మీ చేతిలో పెన్సిలు ఉంది. ఈ ఏడు తొలి వాన పడిన రోజే మొదటి అంకె రాయండి.